దత్తమండలముల ప్రాచీన దేశపటములు, కైఫియత్తులు: కొత్తచెరువు ప్రాంత పరిశీలనము

రాయలసీమ చరిత్రను వ్రాయువారు శాసనములను, కైఫియత్తులను ఆధారముగ గైకొనుట చిరకాలముగ జరుగుచున్నది. ఆ కైఫియత్తులతో కూడ పుట్టిన దేశపటములను చూచువారు మాత్రము అరుదు. పటము భూగోళశాస్త్రజ్ఞుల సొత్తని భాషాపరిశోధకులు విడిచిరి. కైఫియత్తు పుక్కిటి పురాణమని భూగోళశాస్త్రజ్ఞులు విడిచిరి. ఈ రెండును ఒక్క తలంపున, ఒక్క కార్యాలయమున జనించిన కవలలని మా యభిప్రాయము. వీనిని విడదీసి చదివినందువలన మన గ్రామనామ పరిశోధనమునకు కలిగిన నష్టమును, కొత్తచెరువు ప్రాంతమును ఉదాహరణముగ గొని, ఇచట కొంత తెలుపుదుము.

కొత్తచెరువు అనంతపురము పీఠభూమి దక్షిణభాగమున, పెనుకొండకు ఈశాన్యముగ నున్నది. 2022 నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. తూర్పున సమీపముననే బుక్కపట్టణము, ఆ వెనుక చిత్రావతీ తీరమున పుట్టపర్తి. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సాలుకు కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఇట్టి సీమలో ఊరికి చెరువు పేరే పేరగుట సహజము. సముద్రమునకు ఎంతో దూరమున, ఎండిన నేలమీద, బుక్కరాయసముద్రమను ఊరు కలదు. చెరువును సముద్రమనియు సాగరమనియు పిలిచిన ఆ పూర్వుల ఆశ ఎంతటిదో ఈ పేళ్లే చెప్పుచున్నవి.

1800 అక్టోబరు 12వ తేదీ సంధి వలన నిజాము ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చెను. (వీనికి ‘రాయలసీమ’ యను పేరు చిలుకూరి నారాయణరావు గారు 1928లో నంద్యాల సభలో పెట్టినది.) కలెక్టరుగ వచ్చిన థామస్ మన్రో 1802లో భూముల కొలత ప్రారంభించెను. అప్పటికి ఈ సీమలో కొలత తెలిసిన గుమాస్తాలు నలుగురే దొరికిరి. మరుసటి సంవత్సరమునకు వారి సంఖ్య నూరయ్యెను. 33 అడుగుల గొలుసుతో కొలిచిరి. ఆ గొలుసు పొడవు భుజముగ గల చదరములు 40 చేరిన ఒక ఎకరము. లెక్క ఎంత సుకరమో పాఠకులు గమనింతురు గాక. అయితే ఇంతటి కొలతకును పటము వేయలేదు. చేను, పొలము, పన్ను చిట్టాలకెక్కినవి. నేల రూపు మాత్రము కాగితమున కెక్కలేదు. కరణమునకు పటముతో పనిలేదు గదా! పొలిమేర ఎచ్చటనో, తూము ఎచ్చటనో ఆతనికి కంఠస్థము. పటము కావలసినది ఆ నేలను ఎరుగనివానికి.

ఆ పనికి పూనినవాడు కాలిన్ మెకంజీ. ఈతడు స్కాట్లండునకు వాయవ్యమున నున్న లూయిస్ అను మారుమూల ద్వీపమున, స్టోర్నొవే పట్టణమున జన్మించి, 1783లో భారతదేశమునకు వచ్చెను. మైసూరు సర్వే ముగించి, 1810లో మద్రాసు సర్వేయరు జనరలు అయ్యెను. దత్తమండలముల సర్వే ఈతని యాజమాన్యముననే జరిగినది. ఆ నడుమ 1811 మొదలు రెండేండ్లు జావా ద్వీపమున నున్నను ఇచటి పని ఆగలేదు. ఆగకుండుటకు కారకులు తెలుగువారు. ఏలూరి నివాసులైన కావలి సోదరులలో వెంకట బొర్రయ్య 1803లో మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. ఊరూరికి మనుష్యులను పంపి, కరణముల కవిలెలను చూపించుకొని, వృద్ధులను విచారించి, శాసనములకు నకళ్లు తీయించి కైఫియత్తులు వ్రాయించిన యంత్రాంగము వీరి చేతిలోనిది.

మెకంజీ దృష్టిలో సర్వే యనగా గీతలు మాత్రమే కాదు. కొండల కొలత, ఊళ్ల లెక్క, ఊళ్ల చరిత్ర ఈ మూడును కూడినదే సర్వే. ఆతడు 1821లో గతించెను. ప్రభుత్వము ఆతని సంచయమును లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సను దానికి పట్టిక ప్రకటించెను. విభజన యిచటనే జరిగినది. దక్షిణదేశభాషల వ్రాతప్రతులు మద్రాసునకు చేరినవి. వానిలో అనేకమునకు బ్రౌను నకళ్లు వ్రాయించెను. పటములలో పెక్కింటికి లండనులో చోటు లభించెను. కవలలలో ఒకరిని మేనమామ ఇంట, ఒకరిని పరదేశమున పెంచినట్లయినది. తరువాతి తరములవారు వీరిరువురు తోబుట్టువులని మరచిరి.

ఇక పటము సంగతి. విలియం లాంబ్టను 1802లో మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచి త్రికోణమాపనము నారంభించెను. 1811లో గుత్తి సమీపమున మరియొక ఆధారరేఖను కొలిచెను. 78వ రేఖాంశము ననుసరించి ఉత్తరమునకు సాగిన మహాచాపము కొత్తచెరువునకు తూర్పున కొలది దూరముననే పోవుచున్నది. ఈ పద్ధతిలో కొండశిఖరములు ఆధారములు. ఒక శిఖరము నుండి మరియొకటి కనబడిన చాలును. మొదట కొండలు స్థిరపడును. ఊళ్లు, వాగులు, చెరువులు పిమ్మట ఆ చట్రములో నింపబడును. అనగా పటము పైనుండి క్రిందికి దిగివచ్చినది. కైఫియత్తు అట్లు కాదు. చెరువు కట్ట మీద కూర్చుండి కరణము చెప్పినది అది. కట్టను కట్టించినదెవరు, గండి పడినదెప్పుడు, మాన్యము పొందినదెవరు, అను ప్రశ్నలతోనే దాని కథ నడచును. పటమునకు కొండ ముఖ్యము, కైఫియత్తునకు చెరువు ముఖ్యము. ఈ భేదమును గుర్తింపక రెండింటిని పోల్చువాడు చిక్కుపడును.

నామముల విషయమున ఈ చిక్కు మిక్కుటము. పటముపై పేరు రోమను లిపిలో నెక్కినది. ఆ లిపిలో హ్రస్వదీర్ఘ భేదము లేదు. తకార టకారములకు ఒక్కటే యక్షరము. ద్విత్వమును ఒక లేఖకుడు వదలెనేని ‘కొత్తచెరువు’నకును ‘కోటచెరువు’నకును భేదమే మిగులదు. కోట యనినచో పరిశోధకుడు బురుజులకై వెదకును. కొత్త యనినచో దానికి పూర్వపు చెరువునకై వెదకును. ఒక్క యక్షరమున రెండు చరిత్రలు! కైఫియత్తు తెలుగు లిపిలో వ్రాయబడినది గావున అచట ఈ సందేహమునకు తావు లేదు. స్థాననిర్ణయమునకు పటమును, నామనిర్ణయమునకు కైఫియత్తును ప్రమాణముగ గొనవలెనని మేము అందుము.

ఇంతకంటె బరువైన విషయము మరియొకటి కలదు. రెవెన్యూ లెక్కలలో ‘బేచిరాకు’ గ్రామములని యుండును. దీపము లేని ఊళ్లని ఆ మాటకు అర్థము. పేరు, పొలిమేర, పన్ను ఉండును, మనుష్యులుండరు. కరువులు, దండయాత్రలు, గత్తర వీనికి కారణములు. 1876–78 నాటి మహాక్షామము ఈ ప్రాంతమును ఎంత పీడించినదో చెప్పనక్కరలేదు. అనంతపురము అప్పటికి బళ్లారి జిల్లాలోని భాగము, వేరు జిల్లాయైనది 1882లో. ఇట్టి ఊళ్లు తరువాతి పటములలో పొలములుగనో బయలుగనో కానవచ్చును. పటముపై శూన్యమును చూచి అచట ఎన్నడును ఊరు లేదనుకొనుట పొరపాటు. కైఫియత్తులోని మజరాల పట్టికను పటముతో సరిచూచినచో, ఏ ఊరు మిగిలినదో, ఏది పేరు మాత్రమే మిగిలినదో తేలును. క్షామచరిత్రకు ఇంతకు మించిన సాక్ష్యము వేరొకటి లేదని మా నమ్మకము.

సర్వే ఆఫ్ ఇండియా వారు 1905 పిమ్మట రంగులతో ప్రకటించిన, మైలునకు అంగుళము చొప్పుననున్న పటములలో కొత్తచెరువు 57 ఎఫ్ అను భాగమునకు చెందును. ఈ పటములలో నిత్యము నీరుండు ప్రవాహమునకు నీలివర్ణము, ఎండిన వాగునకు నల్లని గీత. ఈ సీమ పటమున నలుపు పాలు ఎంత యధికమో చూచినవారికే తెలియును. ఏ ప్రతి ఏ కాలపుదో గుర్తించుటకు రైలుమార్గము తోడ్పడును: 2000లో ప్రశాంతినిలయపు స్టేషను కొత్తచెరువు చెంత వెలసినది, అంతకు పూర్వపు పటములలో ఆ గీత యుండదు.

కాని చెరువు అవయవముల పేళ్లు ఏ పటమునందును లేవు. పొర్లు నీరు పోవు చోటును ఇచట ‘మరువ’ యందురు. నెల్లూరి సీమలో అదియే ‘కలుజు’, ఇతరత్ర ‘అలుగు’. ఆయకట్టులోని మళ్లకు, తూములకు వేర్వేరు పేళ్లుండును. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము చెరువునకు కావలసిన 12 అంగములను, తగని 6 దోషములను శిలపై చెక్కించినది. అట్టి పరిభాష మన పల్లెలలో నోటిమాటగ నింకను కొంత నిలిచియున్నది. చెరువు ఎండుటతో నీరుగంటి వృత్తియు సన్నగిల్లుచున్నది. పరిశోధక విద్యార్థి 57 ఎఫ్ పటమును, ఆ ఊరి కైఫియత్తు నకలును చేతబట్టి, వృద్ధుడైన నీరుగంటితో కూడ కట్ట ఈ కొన నుండి ఆ కొనకు నడచి, ఆతడు చెప్పిన ప్రతి పేరును తెలుగు లిపిలో పటముపై వ్రాసికొనవలెను. ముందుగ మరువ వద్ద నారంభించుట మేలు. అచటి పేళ్లను ముసలివారు సాధారణముగ మరువరు.