జార్జియానా మలోయ్

జార్జియానా మలోయ్ (1805-1843) పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలన బ్రిటిష్ వారు స్థిరపడ్డ తొలి ఏళ్లలో అక్కడికి కాపురానికి వెళ్లిన ఆంగ్ల మహిళ. ఆ ప్రాంతపు అడవి మొక్కల విత్తనాలను, ఎండబెట్టిన నమూనాలను సేకరించి ఇంగ్లండుకు పంపిన తొలి వృక్ష సేకరణకర్తల్లో ఒకరు. వృక్షశాస్త్రంలో ఆమెకు ఏ చదువూ శిక్షణా లేవు.

ఆమె పుట్టింటి పేరు కెన్నెడీ. ఇంగ్లండు ఉత్తరాన కార్లైల్ పట్టణం దగ్గర పుట్టింది. చిన్ననాటి నుంచే దైవభక్తి ఎక్కువ. 1829 ఆగస్టులో కెప్టెన్ జాన్ మలోయ్‌ను పెళ్లాడింది. వాటర్లూ యుద్ధంలో పోరాడిన అతను వయసులో ఆమెకంటే చాలా పెద్దవాడు. ఆ ఏడాదే స్వాన్ నది ఒడ్డున బ్రిటన్ కొత్త వలస స్థావరం తెరిచింది. ఖైదీలను కాక సొంత డబ్బుతో వచ్చేవారిని అక్కడికి రప్పించాలన్నది ప్రభుత్వ ఆలోచన. 3 పౌండ్ల పెట్టుబడి చూపితే 40 ఎకరాలు ఇస్తామన్నారు. కూలీలను వెంట తెస్తే ఇంకా భూమి. స్వదేశంలో ఎదుగుదల లేని సైనికాధికారులకు ఇది గొప్ప ఆశ చూపింది.

మలోయ్ దంపతులు 'వారియర్' అనే ఓడలో 1830 మార్చిలో ఫ్రీమాంటిల్ చేరేసరికి నది పక్కన మంచి నేల అంతా ముందొచ్చినవారి చేతుల్లోకి వెళ్లిపోయింది. గవర్నర్ జేమ్స్ స్టిర్లింగ్ సలహాతో మరికొన్ని కుటుంబాలతో కలిసి దక్షిణాన బ్లాక్‌వుడ్ నది సముద్రంలో కలిసేచోటికి వెళ్లారు. మే నెలలో అక్కడ అగస్టా అనే ఊరు మొదలైంది. మనకు మండుటెండల మే వారికి వానలతో చలికాలం దిగే నెల. అప్పటికి ఇల్లు లేదు, గుడారమే దిక్కు. దిగిన నెల తిరగకముందే జార్జియానా ఆ గుడారంలో తొలిచూలు ఆడపిల్లను కన్నది. పైనుంచి వాన కారుతుంటే ఆమెకు గొడుగు పట్టవలసి వచ్చింది. ఆ బిడ్డ కొద్ది రోజులకే చనిపోయింది. పుట్టింటి మనిషి ఒక్కరూ దగ్గర లేరు. మనసు విప్పి మాట్లాడుకునే తోటి స్త్రీ లేదన్న బాధ ఆ తర్వాతి ఏళ్లలో కూడా ఆమె లేఖల్లో కనిపిస్తుంది.

అగస్టా ఎదగలేదు. మన జామాయిల్‌కు దాయాదులైన జర్రా వంటి మహావృక్షాలను నరికి పొలం చేయడం గుప్పెడు మందికి సాధ్యపడే పని కాదు. తిండిగింజలకు ఓడల రాక కోసం ఎదురుచూడాలి. భర్త అక్కడి ప్రభుత్వ ప్రతినిధి, మేజిస్ట్రేటు కావడంతో తరచూ ఊరు విడిచి వెళ్లేవాడు. వంట, ఉతుకులు, కుట్టుపని, తర్వాత పుట్టిన పిల్లల చదువు, రాతకోతలు అన్నీ ఆమె మీదే పడేవి. అయినా ఇంగ్లండు నుంచి, దారిలో ఆగిన కేప్ టౌన్ నుంచి తెచ్చిన విత్తనాలతో ఇంటి చుట్టూ తోట వేసింది.

1836 చివర్లో లండన్ నుంచి కెప్టెన్ జేమ్స్ మాంగిల్స్ అనే ఉద్యానప్రియుడి లేఖ వచ్చింది. గవర్నరు భార్యకు బంధువైన అతను ఒక పెట్టెలో విత్తనాలు పంపి, బదులుగా అక్కడి మొక్కల విత్తనాలతో ఆ పెట్టె నింపి పంపమని కోరాడు. ఆమె ఒప్పుకుంది. 1837 నవంబరులో ఏడాదిన్నర దాటిన ఆమె కొడుకు బావిలో పడి మరణించాడు. ఆ దుఃఖంలో ఆమె కూతుళ్లను వెంటబెట్టుకుని అడవిలోకి నడిచింది. పూత కాలంలో మొక్కను గుర్తుపెట్టుకుని, గింజ ముదిరేదాకా ఆగి, మళ్లీ అదే చోటికి వెళ్లి ఏరడం తేలిక కాదు. ప్రతి నమూనాకూ అంకె వేసి, దాని గింజల పొట్లానికీ అదే అంకె వేసేది. అందువల్ల ఇంగ్లండు తోటమాలులకు ఏ గింజ నుంచి ఏ పువ్వు వస్తుందో ముందే తెలిసేది. ఈ క్రమశిక్షణే ఆమె అసలు ప్రతిభ. ఆ ప్రాంతపు ఆదివాసులైన నూంగార్ ప్రజలు తనకు సాయపడ్డారని ఆమె స్వయంగా రాసింది. వేల ఏళ్లుగా ఆ అడవిలో బతికిన వారి ఎరుక ఆమె పెట్టెల్లోకి చేరింది. వారిలో చాలామంది పేర్లు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

ఆ నేల ఖాళీ నేల కాదు. 1839లో మలోయ్ కుటుంబం వాస్ నది తీరానికి, ఇప్పటి బసెల్టన్ ప్రాంతానికి మారింది. 1841 ఫిబ్రవరిలో అక్కడ జార్జ్ లేమన్ అనే వలసదారుడు ఒక నూంగార్ వ్యక్తి చేతిలో హతుడయ్యాడు. ప్రతీకారంగా వలసదారుల దళం వానరప్ పరిసరాల్లో నూంగార్లను కాల్చి చంపింది. మృతుల సంఖ్యపై నేటికీ వివాదం ఉంది. ఆ దాడిలో మేజిస్ట్రేటుగా జాన్ మలోయ్‌కు బాధ్యత ఉంది. జార్జియానా కథలో పూలను మాత్రమే చెప్పి దీన్ని వదిలేయడం అన్యాయం.

ఏడో కాన్పు తర్వాత ఆమె కోలుకోలేదు. 1843 ఏప్రిల్ 8న, 38 ఏళ్లు నిండకుండానే కన్నుమూసింది. మాంగిల్స్ ఆమె లేఖలను నకలు తీయించి భద్రపరిచాడు. 1955లో అలెగ్జాండ్రా హాస్లక్ రాసిన జీవిత చరిత్రతో ఆస్ట్రేలియా పాఠకులకు ఆమె తిరిగి పరిచయమైంది. ఆమె పంపిన విత్తనాలు ఆమె బతికుండగానే ఇంగ్లండు తోటల్లో మొలిచాయి. ఆమె పేరు ఒక మొక్కకు దక్కడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది: పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతిలో పెరిగే ఒక బొరోనియా పొదను ఇప్పుడు 'బొరోనియా మొల్లోయే' అంటారు.