పోచారం అడవి – నిజాంసాగరపు నీరు

బోధను చెరకుతోటలను చూచినవారు నిజాంసాగరమును తలచుకొందురు. దానికి ఎగువనున్న అడవిని తలచువారు అరుదు. మెదకు, కామారెడ్డిల నడుమ గుట్టలపై పరచుకొన్న పోచారం అడవి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమి. అక్కడ ఆలేరు వాగుపై 1916లో ఆరంభమైన కట్ట 1922లో ముగిసినది. ఆ చెరువు పొంగిన నీరు మంజీరలో కలిసి నిజాంసాగరమును చేరును. మంజీరపై సాగర నిర్మాణము 1923లో మొదలై 1931లో పూర్తియైనది. 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసినది.

ఆ వేటభూమియే 1952లో అభయారణ్యమైనది. హైదరాబాదుకు సుమారు 115 కిలోమీటర్ల దూరము. చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు, మనుబోతులు కలవు. చలికాలమున తలపై నల్లపట్టెలున్న బాతులు హిమాలయములు దాటివచ్చి చెరువున వ్రాలును. చూడవచ్చినవారు వీనినే వెదకుదురు. నేనైతే గుట్టవాలున ఎండుటాకుల క్రింది మట్టిని చూడుమందును. వేళ్లు పట్టియుంచినంత కాలమే అది నిలుచును. చెట్టు పోయిననాడు వానతో వాగులోనికి, వాగుతో సాగరములోనికి దిగును. పూడికవలన నిజాంసాగరపు నీటి నిలువ తొలినాటికన్న ఇప్పటికే ఎంతో తగ్గినది.

బోధను కర్మాగారము 2015లో మూతబడినది. చెరకు తగ్గిన పొలములలో వరి పెరిగినది. వరికిని ఆ నీరే కావలెను.