ఇరవై ఏండ్లు ఆగిన భీం సినిమా



అల్లాణి శ్రీధర్ గారు తీసిన ‘కొమరం భీం’ 1990లోనే తయారైంది. నంది అవార్డులు కూడా వచ్చినయ్. థియేటర్లకు వచ్చింది మాత్రం 2010లో! అప్పటికి మేం అంగన్‌వాడీ పిల్లలం.

భీం అనంగనే తుపాకీ గుర్తొస్తది. అసలు కొట్లాట కాగితం కాడ మొదలైంది. నిజాం సర్కారు అడవిని రిజర్వు అన్నది. అంతే, గోండులు, కోలాములు దున్నుకుంటున్న పోడు ఆక్రమణ అయిపోయింది. గుడిసెలు కాలబెట్టుడు, పశువుల మేతకు పన్ను, అన్నీ చట్టం పేరు మీదనే. 1940 అక్టోబర్‌లో జోడేఘాట్ కాడ భీంను కాల్చి చంపిన్రు.

ఇందులో మన పాలమూరు ముచ్చట కూడా ఉంది. హైమన్‌డార్ఫ్ మొదట అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల నడుమ తిరిగిండు. ఆ తర్వాతనే సర్కారు ఆయనను ఆదిలాబాద్ పంపింది, గోండులు ఎందుకు తిరగబడ్డరో చూడుమని. మనిషి చచ్చినంక కారణం అడిగిన్రన్నమాట.

అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది. సినిమా దానికన్నా నాలుగేండ్లు వెనుక. 2022లో ‘ఆర్ఆర్ఆర్’లో భీం పేరు దేశమంతా మోగింది గానీ, భూమి పంచాయితీ అందులో లేదు.

ఆదివారం అలంపూర్ హాస్టల్లో అందరం కూర్చొని శ్రీధర్ గారి సినిమా చూడబోతున్నం. అమ్రాబాద్ దిక్కు చెంచు దోస్తులు తప్పక రావాలె, పట్టా కాగితాల ముచ్చట మీ నోట వినాలె.