ఐరోపా పొడి, మన పాడి

1960ల చివరికి పశ్చిమ ఐరోపాలో పాలు ఎక్కువైపోయాయి. గిట్టుబాటు ధరకు ప్రభుత్వాలు హామీ ఇచ్చాయి, రైతులు పాడి పెంచారు, కొనేవాళ్లు మాత్రం అంతగా పెరగలేదు. పాలపొడి, వెన్న గోదాముల్లో గుట్టలుగా పేరుకున్నాయి. అప్పటికి మన దేశంలో ఏడాదికి వచ్చే పాలు రెండు కోట్ల టన్నులకు కాస్త పైన. ఢిల్లీలో పాలకు కార్డు, వరుసలో నిలబడే ఓపిక రెండూ ఉండాలి.

ఆ పొడి ఊరికే వచ్చిపడితే మన రైతు పాలు అడిగే నాథుడుండడని జాతీయ పాడి అభివృద్ధి మండలి అధిపతి వర్గీస్ కురియన్ పసిగట్టారు. 1970లో ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి దానంగా ఖాయమైంది. దాన్ని పాలుగా మార్చి బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో ధర కట్టి అమ్మారు. ఆ డబ్బు పల్లెల్లో పాల సంఘాలకు, శీతల కేంద్రాలకు వెళ్లింది. ఆపరేషన్ ఫ్లడ్ అంటే ఇదే. దానాన్ని పెట్టుబడిగా మార్చడమే అందులోని అసలు గొప్పతనమని నా నమ్మకం.

ఇంత పని చేయగలమన్న ధైర్యం అంతకుముందే గుజరాత్‌లోని ఆనంద్ నుంచి వచ్చింది. చలికాలంలో అక్కడ గేదెపాలు పొంగిపొర్లేవి, బొంబాయి అన్నీ కొనేది కాదు. మిగిలినవి పొడి చేద్దామంటే, గేదెపాలతో కుదరదన్నారు విదేశీ నిపుణులు. అక్కడి పాడి నిపుణుడు హరిచంద్ దలాయా ఊరుకోలేదు. పాలను సన్నని తుంపరగా వేడిగాలిలోకి చిమ్మి, నీరు ఆవిరైపోగా పొడి రాలేలా చేసి చూపించారు. 1955 అక్టోబరు 31న ఆ పద్ధతిలో పొడి చేసే కర్మాగారాన్ని ఆనంద్‌లో నెహ్రూ ప్రారంభించారు.

యంత్రం ఒక్కటే చాలదు, కొలతలో నమ్మకం కుదరాలి. పాలకేంద్రంలో గాజుగొట్టంలోకి ఆమ్లం, పాలు, కొంచెం ఆల్కహాల్ పోసి గిర్రున తిప్పితే వెన్న పైకి తేలి గీతల మధ్య నిలిచేది. ఆ గీతను బట్టే డబ్బు. నీళ్లు కలిపితే నష్టం కలిపినవారికే. మన ఊళ్లలోనూ పాడి ఉన్న ఇంట వెన్నశాతం మాట రోజూ వినిపించేదే.

అటు, మిగులు పాలను అదుపు చేయడానికి 1984లో ఐరోపా తన రైతులు అమ్మే పాలకు కోటాలు పెట్టింది, 2015 దాకా ఎత్తేయలేదు. ఇటు మనం 1998లో అమెరికాను దాటి పాల ఉత్పత్తిలో మొదటి స్థానానికి వచ్చాం. 2023-24లో 23.9 కోట్ల టన్నులు. అందులో చాలావరకు ఒకటి రెండు పశువులున్న ఇళ్లవే. ఆ ఇళ్లలో గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది ఎక్కువగా ఆడవాళ్లే అయినా సంఘాల సభ్యుల్లో మగవాళ్లే ఎక్కువ. మీ ఇంట పాడి ఉంటే, సంఘం ఇచ్చే పాలపుస్తకం పితికే మనిషి పేరునే రాయించండి.