ఓరుగంటి ధాన్యాగారములు

మహాదేవపురపుటడవులలోని ప్రతాపగిరి దుర్గముం జూచినప్పుడెల్ల ప్రతాపరుద్రుని శౌర్యముకంటె నాతని నిర్ణయమొకటి మాకు స్ఫురించుచుండును. 1321లో ఉలుఘ్‌ఖాను ఓరుగల్లును ముట్టడించెను. ఢిల్లీనుండి తపాలు నిలిచిపోఁగా సుల్తాను మృతుఁడయ్యెనను వదంతి పుట్టి దండు చెదరెను. ఖాను దేవగిరికి మరలెను. ఇది శత్రుశిబిరపుఁ గలఁతయే కాని మన గెలుపు కాదు. ప్రతాపరుద్రుఁడు దానిని గెలుపనియే తలంచి, విందులు సేసి, కోటలోని ధాన్యము నమ్మించెనని 1350 ప్రాంతమున ఇసామీ వ్రాసెను. ఒక్కయేటి పంటంజూచి మూలధనమును వెచ్చించు సంఘములవారు వినఁదగిన మాట! పగతుఁడు దేవగిరిలోనే యుండఁగాఁ గొట్లు తెఱచుట యుక్తమా? ఖాను క్రొత్తబలము గూర్చుకొని నెలలలోనే వచ్చెను. రాతికోటయు మట్టికోటయు నగడ్తయు నట్లేయుండెను. కొట్లు మాత్రము వట్టివి. అయిదునెలలకు, 1323లో, కోట లొంగెను. బందీయై కొనిపోఁబడుచు రాజు నర్మదాతీరమున నసువులు బాసెనని ప్రోలయనాయకుని విలస శాసనము చెప్పుచున్నది.