నేలమాళిగలో దయ్యం, నడివీధిలో ఉరికొయ్య

లండన్ నడిబొడ్డున, ఓల్డ్ బెయిలీ న్యాయస్థానానికి ఎదురుగా, న్యూగేట్ వీధి మలుపులో వయాడక్ట్ టావెర్న్ అనే పాత పబ్బు ఉంది. 1869 నాటిది. ఆ యేడే విక్టోరియా రాణి ప్రారంభించిన హోబర్న్ వయాడక్ట్ వంతెన పేరే దీనికీ వచ్చింది. నేలమాళిగలోకి దిగినవారి వెనుక తలుపు దానంతటదే మూసుకొంటుందనీ, దీపాలు ఆరిపోతాయనీ, ఎవరో భుజం తట్టినట్లవుతుందనీ చెబుతారు. ఆ ఇరుకు గదులు న్యూగేట్ చెరసాల కొట్లేననీ, అక్కడ మగ్గిన ఖైదీల ఆత్మలే ఇవనీ కథకు ముక్తాయింపు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు కాని, దయ్యాల కథలంటే గౌరవమే. అయితే ఈ కథ తారీఖుల ముందు నిలవదు. పబ్బు వెలసిన నాటికి న్యూగేట్ జైలు వీధికి ఆవలి పక్కన నిక్షేపంగా ఉంది. లోపల ఖైదీలూ ఉన్నారు. అది మూతపడినది 1902లో. నడుస్తున్న జైలు కొట్లు ఎదుటివాడి సారాకొట్టు కిందికి ఎలా వస్తాయి? కావు, అవి 1853లో మూసిన గిల్ట్‌స్పర్ వీధి అప్పులవాళ్ళ జైలువి అని మరికొందరి వాదన. ఆ జైలు ఈ పక్కనే ఉండేది గనుక అది కొంత నయం. బీరు పీపాలు చల్లగా ఉంచడానికీ అటువంటి గదులే కావాలి కదా!

అసలు భయానకం నేలమాళిగలో కాదు, బయట వీధిలో జరిగింది. 1783 నుండి 1868 దాకా న్యూగేట్ గుమ్మం ముందే జనసమక్షంలో ఉరితీసేవారు. ఎదురుగా ఉన్న మాగ్‌పై అండ్ స్టంప్ పానశాల మేడగదులను కలవారు అద్దెకు తీసుకొని, తింటూ తాగుతూ తిలకించేవారు. చివరివాడు మైకేల్ బారెట్ అనే ఐరిష్ యువకుడు. 1867 డిసెంబరులో క్లార్కెన్‌వెల్ జైలు గోడ పేల్చివేతలో 12 మంది మరణించారు. ఆనాడు తాను గ్లాస్గోలో ఉన్నానని బారెట్ మొరపెట్టుకొన్నాడు, సాక్షులూ చెప్పారు. 1868 మే 26న ఉరితీశారు. మూడు రోజులకే, ఇకపై ఉరి జైలు గోడల లోపలేనని చట్టం వచ్చింది. మరుసటి యేడు ఈ పబ్బు తెరిచారు. నేను చదివిన కథలలో ఏ దయ్యానికీ బారెట్ పేరు లేదు.

గిల్ట్‌స్పర్ వీధికి అవతల సెయింట్ సెపల్కర్ చర్చి. 1605లో రాబర్ట్ డౌ అనే వర్తకుడు దానికి 50 పౌండ్లు ఇచ్చాడు, ఉరికి ముందటి అర్ధరాత్రి ఖైదీ కొట్టు వెలుపల చేతిగంట మోగించి, పశ్చాత్తాపపడమని పద్యాలు చదవాలని. నిద్రపట్టని ఆ మనిషికి చీకట్లో వినిపించిన ఆ గంట, ఇప్పుడు చర్చిలో అద్దాల పెట్టెలో ఉంది.