డాబా ఎక్కిన ఆడపిల్లలు

సంక్రాంతి నాడు పొద్దున పది దాటాక హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఎవరింటి తలుపు కొట్టినా పలికే మనిషి కింద ఉండడు. వాకిట్లో ముగ్గు ఉంటుంది, ముగ్గులో గొబ్బెమ్మ ఉంటుంది, మనుషులంతా డాబా మీద ఉంటారు. ఐ.ఎస్. సదన్ చౌరస్తా నుంచి చంపాపేట దాకా, ఇటు సైదాబాద్, మాదన్నపేట, ఈదీబజార్, యాకుత్‌పురా దాకా ఇదే తీరు. విజయవాడ రోడ్డులో పంతంగి టోల్‌గేట్ దగ్గర సొంతూళ్లకు పోయే కార్లు బారులు తీరుతాయి, పట్నంలో చాలా వీధులు బోసిపోతాయి. పాతబస్తీ మాత్రం ఎక్కడికీ పోదు. మెట్లెక్కుతుంది, అంతే.

పతంగుల గురించి రాసేవాళ్లు నవాబులతో మొదలుపెట్టి పోరగాళ్లతో ముగిస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కాలం ముచ్చట్లు, మైదానాల్లో పందేలు, చేయి తిరిగిన ఉస్తాదులు. ఆ కథల్లో ఆడపిల్ల ఎక్కడా కనబడదు. నేను సర్కారు బడిలో పీఈటీగా, అంటే ఆటల టీచరుగా చేసి రిటైరైనదాన్ని. ఆడపిల్లలు ఎక్కడ ఆడారు, ఎక్కడ ఆడనివ్వలేదు అని చూడటం నాకు ఉద్యోగంతో వచ్చిన అలవాటు. ఆ చూపుతో చూస్తే, పట్నంలో పతంగిని ఇంటిల్లిపాది పండుగ చేసింది సిమెంటు స్లాబే అని నా గట్టి నమ్మకం.

మా అమ్మది ఇబ్రహీంపట్నం వైపు పల్లె. గూనపెంకుల ఇల్లు. ఆ కప్పు మీద పిల్లి నడిచినా పెంకు జారుతుంది, ఇక మనుషులెక్కడ ఎక్కుతారు? పతంగి ఎగరేయాలంటే చెరువు కట్టకో, కోత అయిపోయిన పొలాలకో పోవాలి. మగపిల్లలు పోయేవాళ్లు. ఆడపిల్లలు గొబ్బెమ్మల పేడ ఎత్తి, ముగ్గులు వేసి, సకినాల పిండి దగ్గర కూర్చునేవాళ్లు. పట్నంలోనూ అప్పట్లో అంతే. పెద్ద దేవిడీలకు సున్నపు గచ్చుతో చదునైన మిద్దెలుండేవి కానీ అవి ఉన్నవాళ్లవి. లేనివాళ్ల పిల్లలకు గల్లీ, మైదానం. గల్లీలో తెగిన పతంగి వెంట పరుగెత్తే ఆడపిల్లను ఏ ఇంట్లోనైనా రెండోసారి బయటికి పంపేవాళ్లా?

ఇళ్ల రూపం మారడానికి మొదటి కారణం ఒక ఉపద్రవం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. ఆ దెబ్బతో పట్నాన్ని మళ్లీ కట్టుకోవాలన్న ఆలోచన వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టడం దాని పని. మలక్‌పేట లాంటి చోట్ల ఆ ఇళ్ల వరసలు లేచాయి. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, 1960లో, ఆ పని ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది. మా సంతోష్‌నగర్ కాలనీ ఆ హౌసింగ్ బోర్డు కాలపు బిడ్డ. పక్కనే కంచన్‌బాగ్‌లో రక్షణ సంస్థలు వచ్చాయి. 1962లో డీఆర్‌డీఎల్, 1963లో డీఎంఆర్ఎల్, 1973లో మిధానీ. నెల జీతం వచ్చే కుటుంబాలు ఈ చుట్టుపక్కల నిండాయి. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు, కోస్తా వాళ్లు, తరతరాల పాతబస్తీ ముస్లిం కుటుంబాలు అందరూ ఇరుగుపొరుగయ్యారు.

ఆ ఇళ్లు చెప్పుకోదగ్గంత పెద్దవేం కావు. రెండు గదులు, వంటిల్లు, ముందు కాసింత జాగ. కానీ పైన చదునైన స్లాబు ఉంది. మెట్లు కట్టించే స్తోమత లేక మా బాపు ముందు ఇనుప నిచ్చెన పెట్టించాడు. పిట్టగోడ తర్వాత వచ్చింది. డాబా అనేది ఇంటిదే, వీధిది కాదు. అక్కడికి పోవడానికి ఆడపిల్ల గడప దాటక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఎండకు వడియాలు పెట్టే వంకతో, బట్టలారేసే వంకతో రోజూ ఎక్కే చోటే. పండుగ నాడు అన్న పతంగి పట్టుకుని అక్కడికే వస్తే చెల్లె కూడా అక్కడే ఉంది. దారం చుట్టే చరఖా పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి కదా!

చరఖా పట్టడం చిన్న పనని చాలామంది అనుకుంటారు. పేంచ్ పడినప్పుడు చూడాలి. రెండు పతంగుల దారాలు ఆకాశంలో ఒకదాని మీద ఒకటి వాలగానే ఎగరేసేవాడు ఢీల్ విడుస్తాడు. దారం సర్రున పారాలి. చరఖా కర్ర రెండు కొసలను వేళ్ల మధ్య వదులుగా పట్టాలి, బిగిస్తే దారం ఆగి పతంగి తెగుతుంది, మరీ వదిలేస్తే దారం కుప్ప పడి చిక్కు పడుతుంది. అరచేతులు వేడెక్కుతాయి. ఖీంచ్ చేస్తూ లాగినప్పుడు నేల మీద పడ్డ దారాన్ని కాళ్లకు చుట్టుకోకుండా పక్కకు తియ్యాలి. పేంచ్ అయ్యాక గబగబా చుట్టాలి. "ఏం జూస్తున్నవే, సుట్టు సుట్టు!" అని మా అన్న అరిచే అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అవతలి పతంగి తెగి ఊగుకుంటూ పోతుంటే నాలుగు డాబాల మీంచి "అఫా!" అని కేక లేస్తుంది. ఆ కేక వేయడానికి మాత్రం మాకు ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. వీధిలో గట్టిగా నవ్వితేనే కసిరే మా నాయనమ్మ, డాబా మీద గొంతు చించుకున్నా ఏమీ అనేది కాదు.

మా పిన్నులు, మేనత్తలు పిల్లలతో వచ్చేవాళ్లు. తెలంగాణలో ఆడబిడ్డ పుట్టింటికి వచ్చే పెద్ద పండుగ దసరా. అయినా పట్నంలో ఉన్నవాళ్లకు సంక్రాంతి సెలవులు రెండో దసరా అయ్యాయి. సకినాలు కూడా డాబా మీదికే వచ్చాయి. పాత నూలు చీర పరిచి, నానబెట్టి పట్టించిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, ముగ్గురు నలుగురు చుట్టూ కూర్చునేవాళ్లు. బొటనవేలు, చూపుడువేలి మధ్య పిండిని నలుపుతూ, మెలి తిప్పుతూ, చుట్టు మీద చుట్టు మూడు నాలుగు వరసలు పెట్టాలి. మెలి తెగితే సకినం నూనెలో విడిపోతుంది. పక్కనే పతంగి ఎగరేసేవాడి వేళ్ల పనీ అలాంటిదే, కొద్దిగా వదలడం, కొద్దిగా బిగించడం. చీర మీద సకినాలు ఆరేలోపు మా మేనత్త లేచి కొంగు నడుముకు చుట్టి దారం అందుకునేది. పెళ్లై పిల్లలున్న ఆడమనిషి అందరి ముందూ ఆకాశంలోకి చూస్తూ ఆడటం నేను మొదట చూసింది ఆమెలోనే. నన్ను పీఈటీని చేసిన కారణాల్లో అదొకటి.

ఎదురు డాబా మీద ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడను మేమంతా ఖాలా అనేవాళ్లం. ఆమె ఎప్పుడూ పతంగి ఎగరేయలేదు, కానీ ఎవరి పేంచ్ ఎటు పోతుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకుని "ఢీల్ దే బేటీ, ఢీల్ దే" అని మా వైపే సలహా చెప్పేది, వాళ్ల కొడుకులు నెత్తీ నోరూ కొట్టుకునేవాళ్లు. మా సకినాలు అటు, వాళ్ల ఖుబానీ కా మీఠా ఇటు పిట్టగోడల మీంచే చేతులు మారేవి. పాతబస్తీలో కర్ఫ్యూలు చూసిన తరం మాది. ఆ ఏళ్లలోనూ జనవరి వస్తే ఆకాశంలో ఏ పతంగి ఎవరిదో ఎవరూ మతం పేరుతో అడగలేదు. ఈ పండుగ పట్ల నాకున్న ప్రేమలో సగం అందుకే.

పతంగులు ధూల్‌పేట నుంచి వచ్చేవి, ఇప్పటికీ చాలావరకు అక్కడివే. నిజాంల కాలంలో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ లోధ్ కుటుంబాలు అక్కడ రాఖీలు చేస్తాయి, వినాయక విగ్రహాలు చేస్తాయి, చలికాలం వస్తే పతంగులు. ఇంట్లో ఆడవాళ్లే పల్చటి కాగితం కోసి, వెదురు పుల్ల వంచి, అంచున దారం మడిచి అతికిస్తారు. పతంగి ఎగరేయడంలో ఆడవాళ్లను లెక్కించనివాళ్లు కూడా, వాళ్ల చేతిలో ఉన్న పతంగిని ఆడవాళ్లే చేశారన్న సంగతి గుర్తుంచుకోవాలి. మాంజా వేరే పని. రెండు స్తంభాల మధ్య సద్ది అనే నూలు దారం బిగించి, అన్నం జిగురు, రంగు, జల్లించిన గాజుపొడి కలిపిన ముద్దను గుడ్డతో పట్టుకుని దారం పొడుగునా నడిచేవాళ్లు. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకున్నా రక్తాలు వచ్చేవి.

గాజు పూసిన ఆ నూలు మాంజా ప్రమాదం లేనిదని నేననను. కానీ అది వానకు నానుతుంది, లాగితే తెగుతుంది. తర్వాత బజారులోకి దిగిన నైలాన్ మాంజా తెగదు, కుళ్లదు. చెట్ల మీద, కరెంటు తీగల మీద నెలల తరబడి వేలాడుతూ పిట్టల రెక్కలు కోస్తుంది, బండి మీద పోయేవాళ్ల గొంతులు కోస్తుంది. 2016 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా 2024 సంక్రాంతికి లంగర్‌హౌజ్‌లో బండి మీద పోతున్న సైనికుడొకరు ఆ దారానికే ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ దారం అమ్మడం, కొనడం రెండూ నేరమే, పాపమే. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు. లాహోర్‌లో వసంత పంచమి పతంగుల పండుగ తరతరాల పేరున్నది. ప్రాణాలు తీసే దారాల వల్లే అక్కడ ఏళ్ల తరబడి పతంగి ఎగరేయడమే నేరమైపోయింది. మనకు ఆ గతి పట్టకూడదు.

పీఈటీగా ఇంకో సంగతి చెప్పాలి. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒంటికి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తైవాన్‌లో పిల్లల చూపు మందగిస్తోందని 2010 నుంచి బడుల్లో రోజుకు 120 నిమిషాలు ఆరుబయట గడిపించే కార్యక్రమం పెట్టారు. ఆరుబయటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు దూరంలోవి మసకగా కనబడే హ్రస్వదృష్టి తక్కువగా వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. పతంగి ఎగరేసే పిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, భుజాలు లేపి ఉంచుతుంది, మోకాళ్లు వంచి వెనక్కీ ముందుకీ అడుగులేస్తుంది. సెలవుల్లో ఫోన్ పట్టుకుని మంచం మీద పడుకునే పిల్లలను లేపడానికి నాకు తెలిసినంతలో ఇంతకు మించిన ఉపాయం లేదు. పైగా అమ్మా నాన్నా తాతా అందరూ అక్కడే ఉంటారు. వ్యాయామమని ఎవరూ అనరు, అయినా అది జరిగిపోతుంది.

ఇక ఇప్పటి మాట. హౌసింగ్ బోర్డు ఇళ్లు ఒక్కొక్కటే కూలి అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. నేను తప్పుబట్టను, పిల్లలు పెరిగారు, జాగ పెరగలేదు. కానీ అపార్ట్‌మెంట్ వచ్చిన చోటల్లా డాబా తలుపుకు తాళం పడుతోంది. మా వీధిలో ఒక భవనంలో పండుగ నాడు పిల్లలు తాళం చెవి కోసం కమిటీ పెద్ద ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి పార్కింగ్‌లో కూర్చున్నారు. అందులో మగపిల్లలు కాసేపటికి గల్లీలోకి, ఖాళీ ప్లాటులోకి పోయారు. ఆడపిల్లలు లిఫ్ట్ ఎక్కి ఇళ్లలోకి పోయారు. డాబా మూతపడితే మొదట నష్టపోయేది ఎవరో నాకు ఆ పూట కళ్లకు కట్టింది. నాలుగు గోడల ఇంటికీ నలుగురి వీధికీ మధ్య మా తరానికి దొరికిన ఆ చోటు, మా మనవరాళ్లకు దొరకకుండా పోతోంది.

కమిటీల వాళ్ల భయాలు ఊరికే పుట్టినవి కావు. పైన ట్యాంకులు, సోలార్ పలకలు, పక్కనే కరెంటు తీగలు. పిల్ల జారితే ఎవరు జవాబు చెప్పాలి? కానీ భయానికి మందు కాపలా, తాళం కాదు. 2016 నాటి రెరా చట్టం టెర్రస్‌ను ఉమ్మడి స్థలాల్లోనే లెక్కవేసింది. అది అందరిదీ. ఏడాదిలో మూడు రోజులు దాన్ని పిల్లలకు ఇవ్వలేమా?

అపార్ట్‌మెంట్ కమిటీల పెద్దలకు నా విన్నపం ఇదే. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ పొద్దున తొమ్మిదికి డాబా తలుపు తీయండి. పిట్టగోడ నడుము కంటే తక్కువగా ఉన్న వైపు తాళ్లు కట్టండి. వంతుల వారీగా ఇద్దరు పెద్దవాళ్లు పైన ఉండండి. నైలాన్ దారం తెచ్చినవాళ్లను మెట్ల దగ్గరే ఆపండి, నూలు దారమే పైకి పోనివ్వండి. పిట్టలు గూళ్లకు మళ్లే వేళకు దారాలు చుట్టించండి, తెగిపడ్డ దారాలు ఏరించండి. చరఖా ఈసారి అన్న చేతికిచ్చి, పతంగి చెల్లె చేతికివ్వండి.